కోళ్లకంటే ముందు

"ఇష్టమైనవి," అంటూ చదివాడు బర్గోయిన్, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని. "పాలెక్కువ పోసిన టీ. రేడియోలో ఫుట్‌బాల్. సాయంత్రంపూట పక్కింటి కోళ్ల చప్పుడు వింటూ పడుకోవడం."

గ్లెనిస్ ఎడమకాలు చక్రాల కుర్చీ మీద టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ కాలు ఆమె మాట విన్నది ఏనాడూ లేదు, కానీ ఆమెకి కోపం వస్తే మాత్రం అందరికంటే ముందు దానికే తెలుస్తుంది.

కోళ్లా? కోళ్లేమిటి?

గది గోడకున్న అలమర వంక చూసింది. పై అరలో పింగాణీ కోడి, దాని పక్కన కోడి ఆకారంలో గడియారం, కింద కోడిబొమ్మలు అచ్చువేసిన తువ్వాలు మడతపెట్టి ఉన్నాయి. ఒక్కో పుట్టినరోజుకీ ఒక్కొక్కటి. సంస్థ ఆఫీసు నుంచి రంగు కాగితంలో చుట్టి పంపిస్తారు, మేనేజరు రొవీనా స్వయంగా తెచ్చి ఇచ్చి ఫోటో తీసుకుంటుంది. ఎక్కడో కోడిబొమ్మలు చవగ్గా దొరికినట్టున్నాయి, యాభై రెండేళ్ల మనిషికి ఇవేం బహుమానాలు అని గ్లెనిస్ ఇన్నాళ్లూ లోలోపల తిట్టుకుంటూనే ఉంది. అంతేగానీ, అవి తనకి ఇష్టమని ఎవరో ఎక్కడో రాసిపెట్టారని కలలో కూడా అనుకోలేదు.

"పడుకునే వేళ," బర్గోయిన్ పేజీ తిప్పాడు. "ఆరున్నర. స్వయంగా ఎంచుకున్నది. ఫిర్యాదులు... ఆరేళ్లలో ఏవీ లేవు."

స్వయంగా ఎంచుకున్నదట! గ్లెనిస్ నోరు తెరిచింది. మాట గొంతులోంచి లేచి, నాలుక దగ్గర తడబడి, ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. పుట్టినప్పటినుంచీ ఆమె మాట అంతే. తలలో తిన్నగానే ఉంటుంది, బయటికి వచ్చేసరికే ఆకారం పోతుంది. బర్గోయిన్ మంచివాడే, వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు, మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ మళ్లీ చెప్పమన్నాడు, చివరికి ఇబ్బందిగా నవ్వాడు.

"క్షమించండి. నాకు అర్థం కావడం లేదు. మీ మాట తెలిసినవాళ్లు ఎవరైనా..."

ఉంది. ఒక్కతే ఉంది. వంటగదిలో ఆలుగడ్డలు చెక్కు తీస్తోంది. సేలా.

ఈ ఇంట్లో ముగ్గురుంటారు. గ్లెనిస్, హెటీ, వారెన్. ఇల్లు ఒకరిది, ఇంట్లో చాకిరీ చేసేవాళ్లని పంపే సంస్థ మరొకరిది. పద్నాలుగేళ్లుగా ఒకే సంస్థ. ఇప్పుడు దాన్ని మార్చాలా వద్దా అన్నది గురువారం ఓటుకి పెడతారు. ముగ్గురిలో ఇద్దరు ఏ మాటంటే అదే. మార్చమని అర్జీ పెట్టింది గ్లెనిసే, ఊరవతల ఉండే తమ్ముడు అడిగిన ఒక్కో ప్రశ్నకీ తలూపి, అతని చేత సంతకం చేయించి. ఆ ఓటు సక్రమంగా జరిగేలా చూడటానికి ఏ పక్షానికీ చెందని మనిషిగా బర్గోయిన్ వచ్చాడు. ముందుగా ఎవరి ఫైలు వాళ్లకి చదివి వినిపించడం అతని పని. గ్లెనిస్ తన ఫైలులో ఏముందో వినడం ఇదే మొదటిసారి.

సేలా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. టోంగా దీవుల మనిషి, నిండుగా ఉంటుంది, నడిస్తే చెక్కనేల కిర్రుమంటుంది.

"ఏంటి గ్లెన్, ఏమైంది? కాలెందుకు అంత గోల చేస్తోంది?"

'కోళ్లు ఇష్టమని ఎవరు రాశారు?' అంది గ్లెనిస్.

సేలాకి అర్థమైంది. అర్థమైనట్టు గ్లెనిస్‌కి కూడా అర్థమైంది, ఎందుకంటే తువ్వాలు పట్టుకున్న ఆ చేయి ఆగిపోయింది. సేలా బర్గోయిన్ వైపు తిరిగి నవ్వింది.

"కాస్త అలసిపోయిందండీ. మిగతాది రేపు చదువుదామంటోంది."

అలసట ఊసే గ్లెనిస్ ఎత్తలేదు. కళ్లముందే, తన నోట్లోంచి ఊడిపడ్డ మాటని తీసుకుని, ఇంకొకటి చేసి ఇచ్చేసింది సేలా. ఎంత సులువుగా చేసిందంటే, ఇది మొదటిసారి కాదని తెలిసిపోయింది.

ఆ సోమవారం సాయంత్రం ఆరుంపావుకి మామూలుగానే హోయిస్ట్ తోసుకుంటూ వచ్చారు. మనిషిని కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తే యంత్రం అది. ఒకరు మీట పట్టుకోవాలి, ఒకరు మనిషిని పట్టుకోవాలి, ఒంటరిగా చెయ్యకూడదని రూలు. రెండో మనిషి డ్యూటీ ఆరున్నరకి అయిపోతుంది. అందుకని గ్లెనిస్ రోజు కూడా ఆరున్నరకి అయిపోతుంది. తర్వాత మర్నాడు పొద్దున ఏడింటికి మళ్లీ ఇద్దరయ్యేదాకా మంచమే. జనవరి నెల, ఇక్కడ నడివేసవి, జీలాంగ్‌లో ఎనిమిదిన్నర దాటినా ఎండ చావదు. కర్టెన్ సందులోంచి ఒక పసుప్పచ్చ గీత వచ్చి దుప్పటి మీద పడుతుంది. అది మోకాళ్ల దగ్గర మొదలై, నడుం మీదుగా పాకి, గోడెక్కి, ఎర్రబడి పోతుంది. వెనక సందులో పిల్లలు చెత్తడబ్బాని వికెట్లుగా పెట్టి క్రికెట్ ఆడుతుంటారు. అవుటా కాదా అని ఓ పోట్లాట. ఆ పోట్లాట కూడా అయిపోయాక ఎప్పుడో, పక్కింటి ముసలాయన కోళ్లని పిలుస్తూ గూట్లోకి తోలి తలుపు వేస్తాడు. టప్పుమని గడియ పడిన చప్పుడు. అప్పటికి గ్లెనిస్ కళ్లు తెరుచుకుని పడుకుని రెండు గంటలవుతుంది.

నాలుగేళ్ల కిందట ఓ సాయంత్రం, ఎత్తుతుండగా, ఆమె సేలాతో అన్నది. 'పక్కింటి కోళ్లు కూడా నాకంటే ఆలస్యంగా పడుకుంటాయి.' సేలా అప్పుడు పకపకా నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. గ్లెనిస్‌కి ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ వాక్యం కాగితం మీదికి ఎక్కేసరికి కోళ్లు మాత్రం మిగిలాయి, మిగతాదంతా ఎగిరిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనం దగ్గర తేల్చుకుంది. సేలా చెంచాతో ఆలుగడ్డ ముద్ద, మెదిపిన సాసేజి కలిపి అందిస్తుంటే గ్లెనిస్ నోరు మూసేసుకుంది.

"తిను గ్లెన్. చల్లారిపోతుంది."

'నేను కోళ్ల గురించి ఏమన్నానో నీకు గుర్తుందా?'

సేలా చెంచా దించింది. పళ్లెంలో ముద్దని ఓ పక్కకి సర్దింది.

"గుర్తుంది," అంది. "రోజూ నోట్స్ రాయాలి కదా, నువ్వేం తిన్నావు, ఏమన్నావు, అన్నీ. నువ్వన్నది అన్నట్టు రాస్తే అది ఫిర్యాదు కింద పోతుంది. ఫిర్యాదు పోతే రొవీనా వస్తుంది. నాకు ముందు ఇక్కడ చేసిన మనిషి అలాగే రాసింది. ఆర్నెల్లలో ఆవిడకి వారానికి రెండు షిఫ్టులు మిగిలాయి, విసుగెత్తి మానేసింది. తెలుసుగా?"

తెలుసు. ఆవిడ వెళ్లిపోయినందుకు గ్లెనిస్ ఏడ్చింది కూడా.

"అందుకని మెత్తగా రాశాను. కోళ్ల చప్పుడు వింటుంటుంది అని రాస్తే, ఇంకా మేలుకునే ఉందని వాళ్లకి తెలుస్తుందిలే అనుకున్నాను. బుర్రున్నవాళ్లెవరైనా చదివితే తెలుస్తుంది కదా!" సేలా చెంచాని పళ్లెంలో పడేసింది. "వాళ్లు బొమ్మలు కొనుక్కొస్తారని నాకేం తెలుసు?"

ఇంకోరోజైతే గ్లెనిస్ నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు.

'అలా ఎన్ని రాశావు?'

ఆరేళ్లు. గ్లెనిస్ లెక్కపెట్టుకోవాలని కూడా అనుకోలేదు. దంతవైద్యుడి దగ్గర నొప్పి అన్నది ఏమైందో, తమ్ముడితో ఫోన్లో అన్నవి ఏమయ్యాయో. ఈ ప్రపంచంలో తన మాట తెలిసిన ఒకే ఒక్క మనిషి, తన పుట్టినరోజుకి సొంత చేతులతో కొబ్బరి కేకు చేసే మనిషి, తనకి జ్వరమొస్తే డ్యూటీ అయిపోయినా కదలని మనిషి. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం కుడిచేతి మీద కోపం తెచ్చుకున్నట్టే ఉంది. అయినా కోపం వచ్చింది. ఒళ్లంతా వచ్చింది. కాలు టకటకా కొట్టుకుంటూనే ఉంది.

'నువ్వు నన్ను మంచిదాన్ని చేశావు,' అంది. 'నన్ను అడగకుండా.'

"నిన్ను కాపాడాను," అంది సేలా.

'నిన్ను కూడా.'

సేలా కళ్లు తుడుచుకుంది. "నన్ను కూడా," అని ఒప్పుకుంది. మళ్లీ చెంచా ఎత్తింది. గ్లెనిస్ నోరు తెరిచింది, ఆకలేస్తోంది మరి.

బుధవారం హెటీ వంతు. హెటీకి డెబ్భై ఒకటి, మూర్ఛలొస్తాయని ఒంటరిగా ఉండనివ్వరు, లేకపోతే గట్టి మనిషే. చెవులు మాత్రం పోయాయి. చెవిలో మిషను పెట్టుకుంటే కుయ్యిమంటుంది, తీసేస్తే ఏమీ వినపడదు. గ్లెనిస్ మాటలు ఆమెకి చేరాలంటే సేలా గట్టిగా అరిచి చెప్పాల్సిందే. వారెన్ సంగతి తేలిపోయింది. అతను మాట్లాడడు, అతని తరఫున మెల్‌బోర్న్‌లో ఉన్న అక్క నిర్ణయిస్తుంది. తమ్ముణ్ణి గాభరాపెట్టొద్దు, ఉన్న సంస్థనే ఉంచండి అని ఆవిడ ముందే కవరు పంపించేసింది. అంటే ఇక అంతా హెటీ చేతిలో ఉంది.

హెటీ వసారాలో బఠాణీలు ఒలుస్తోంది. గ్లెనిస్ మీట నొక్కి తన చక్రాల కుర్చీని ఆమె పక్కకి తెచ్చుకుంది.

"నువ్వు నన్ను బతిమాలడానికొచ్చావని తెలుసు పిల్లా," అంది హెటీ, తల ఎత్తకుండా. "నాకు మార్పులు పడవు. వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో. సేలా పోతుంది, అది తెలుసా నీకు? ఈ సంస్థ మనిషి ఈ సంస్థతోనే పోతుంది."

గ్లెనిస్ 'తెలుసు' అంది. హెటీకి వినపడలేదు.

"అయినా మార్చుకుని నీకొరిగేదేంటి? నీకేం బాధ? ఆరున్నరకి హాయిగా వెళ్లి పడుకుంటావు. నేనే, టీవీ ముందు కూర్చుని..." హెటీ ఆగింది. ఒక బఠాణీకాయని అవసరమైనదానికంటే గట్టిగా చీల్చింది. గింజలు నేలమీద పడి దొర్లాయి. "పోనీలే. ఎవరిష్టం వాళ్లది. బలవంతంగా ఎవర్నీ కూర్చోబెట్టుకోలేం కదా."

ఇదేం మాట? గ్లెనిస్ ఏదో చెప్పబోయింది, గొంతు చించుకుంది, మిషను కుయ్యిమంది, హెటీ విసుగ్గా చెవిలోంచి పీకేసి గింజల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. వసారాలో గ్లెనిస్ ఒక్కతే మిగిలింది. చెప్పాల్సింది ఇంత ఉంది, చెప్పే దారి లేదు. ఉన్న ఒక్క దారీ ఎలాంటిదో సోమవారం చూసింది.

అప్పుడు పలక గుర్తొచ్చింది.

సేలా రాకముందు, కొత్తవాళ్లు వచ్చిపోతుండే రోజుల్లో, ఆమెకో అక్షరాల పలక ఉండేది. ప్లాస్టిక్ అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు. ఎడమచేతి వేలికణుపుతో ఒక్కొక్కటీ పొడిచి చూపిస్తే అవతలివాళ్లు కూడబలుక్కోవాలి. ఒక్క వాక్యానికి పదేసి నిమిషాలు. సేలా వచ్చాక ఆ గొడవ తప్పింది. మాటకి మాట అందుతుంటే పలకెందుకు? ఎంత సంబరపడ్డారు ఇద్దరూ!

సేలాని పిలిచి అడిగింది. సేలా మారు మాట్లాడకుండా వెళ్లి, దుప్పట్ల బీరువా అడుగున, క్రిస్మస్ తోరణాల కింద నుంచి దాన్ని లాగి తెచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తడిగుడ్డతో తుడుస్తూ, "రేపు నేను వద్దా నీకు?" అని అడిగింది మెల్లిగా.

'నువ్వే కావాలి,' అంది గ్లెనిస్. 'అక్షరాలు చదువు. అంతే. మాటలు నువ్వు కూర్చొద్దు.'

గురువారం అయిదింటికి అనుకున్నది అయిదు ముప్పావుకి మొదలైంది. రొవీనా ఆలస్యంగా వచ్చింది, ఎత్తుమడమల చెప్పులు టకటకలాడించుకుంటూ. గ్లెనిస్ కంటే ఇరవయ్యేళ్లు చిన్న.

"ఎలా ఉన్నావు బంగారూ?" అని గ్లెనిస్ బుగ్గ తట్టింది. "త్వరగా తేల్చేసుకుందాం, నీ నిద్రవేళ దాటిపోతుంది మళ్లీ."

భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. వారెన్ రేడియో చెవికి ఆనించుకుని కిటికీ దగ్గర. బర్గోయిన్ రెండు రంగుల కార్డులు బల్ల మీద పెట్టాడు. నీలం అంటే ఉన్నవాళ్లు, పసుపు అంటే కొత్తవాళ్లు. రాత్రి పదింటిదాకా ఇద్దరు మనుషుల్ని ఉంచుతామని కొత్తవాళ్లు రాసిచ్చిన కాగితం చదివాడు. వారెన్ అక్క పంపిన కవరు విప్పి నీలం కార్డు పక్కకి పెట్టాడు. "కార్డులు వేసేముందు ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పొచ్చు," అన్నాడు.

సేలా పలక ఎత్తి పట్టుకుంది.

గ్లెనిస్ చెయ్యి గాల్లో తేలి, అటూ ఇటూ ఊగి, ఒక అక్షరం మీద వాలింది. సేలా ఆ అక్షరం పలికింది. బర్గోయిన్ తెల్లకాగితం మీద రాశాడు. చెయ్యి మళ్లీ లేచింది. తప్పు అక్షరం మీద పడింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఒక మాట పూర్తయ్యేసరికి రొవీనా రెండుసార్లు గడియారం చూసుకుంది.

"సేలా, నీకు అర్థమవుతుంది కదా, నువ్వు చెప్పెయ్యొచ్చుగా?"

"అక్షరాలే చదవమందండీ," అంది సేలా. ఆమె మొహం మీద చెమట పట్టింది.

ఆరూ ఇరవై. రెండో మనిషి బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలోంచి తొంగిచూసింది. "గ్లెన్‌ని ఎత్తేసి వెళ్లనా?" 

"ఎత్తెయ్యాలి, ఎత్తెయ్యాలి," రొవీనా లేవబోయింది. "ఇది రేపైనా పూర్తి చెయ్యొచ్చు, నువ్వు వెళ్లిపోతే ఇంక హోయిస్ట్ ఎవరు పట్టుకుంటారు?"

"ఆవిడ మాట్లాడుతున్నారండీ," అన్నాడు బర్గోయిన్, కలం ఎత్తకుండానే.

"మాట్లాడుతోంది, నిజమే, కానీ టైము..."

"మాట్లాడుతున్నారు," అన్నాడు మళ్లీ, అదే గొంతుతో.

రొవీనా కూర్చుంది. రెండో మనిషి భుజాలెగరేసి వెళ్లిపోయింది. వీధి తలుపు పడిన చప్పుడు విని గ్లెనిస్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయిపోయింది. ఇక ఈ పూట తనని ఎత్తే మనిషి లేదు. భయం వేసింది, ఎంత విసుక్కున్నా అలవాటైన మంచం కదా. మెడ నొప్పి పుడుతోంది, భుజం బిగుసుకుంటోంది. చెయ్యి మళ్లీ ఎత్తింది.

ఏడూ పది అయింది, చివరి అక్షరం పడేసరికి. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీదికి వచ్చింది. గ్లెనిస్ చెమటలు కారుతూ, ఒక పసుపు కార్డుని వేలికణుపుతో ముందుకి తోసి, వెనక్కి వాలింది.

బర్గోయిన్ కాగితం ఎత్తి చదివాడు.

"పక్కింటి కోళ్లు నాకంటే ఆలస్యంగా పడుకుంటాయి. అదే నేనన్నది. నాకు కోళ్లు ఇష్టం లేదు. నాకు నిద్ర రాదు. ఎండలో కళ్లు తెరుచుకుని పడుకుంటాను. హెటీ టీవీ చప్పుడు గోడ అవతల వినపడుతుంది. వెళ్లి కూర్చోవాలని ఉంటుంది."

హెటీ ఒక్కతే అందరి మొహాలూ చూస్తూ, "ఏంటి? ఏమంది?" అంటోంది. బర్గోయిన్ కాగితాన్ని ఆమె ముందుకి జరిపాడు. హెటీ వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. చివరి రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది.

"నిద్ర రాదా?" అంది. ఆ గొంతుకి వారెన్ కూడా ఇటు తిరిగాడు. "నీకు నిద్ర రాదా? రోజూ ఆరున్నరకి గ్లెన్ అలసిపోయింది, పడుకుంటుంది అని చెబుతుంటే నేనేమనుకున్నాను? నా సొద భరించలేక పోతున్నావనుకున్నాను కదే! ఆరేళ్లు! ఆరేళ్లుగా నేను ఆ దిక్కుమాలిన టీవీతో మాట్లాడుకుంటున్నాను! నోరు కుట్టుకుని కూర్చుంటే రేపైనా ఉంటావేమోనని పగలంతా నీతో మాట్లాడ్డం కూడా తగ్గించుకున్నాను!"

గ్లెనిస్ కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు, తుడుచుకునే చెయ్యి అలిసిపోయింది.

'చెప్పాను,' అంది. 'చాలాసార్లు.'

సేలా పలక బల్ల మీద పెట్టింది. హెటీ వైపు వంగి, చెవి దగ్గర, ఇల్లంతా వినపడేలా చెప్పింది. "చెప్పానంటోంది. చాలాసార్లు. నాకు చెప్పింది. నేనే నీకు చెప్పలేదు."

హెటీ సేలాని ఎగాదిగా చూసింది. తిడుతుందేమో అనుకున్నారు అందరూ. హెటీ చెయ్యి చాచి, పసుపు కార్డు తీసి, గ్లెనిస్ పసుపు కార్డు మీద పెట్టింది. పెట్టాక, ఎవరో లాగేసుకుంటారన్నట్టు అరచేయి దాని మీదే ఉంచింది.

"రెండు," అన్నాడు బర్గోయిన్, రాసుకుంటూ.

రొవీనా కాగితాలు సర్దుకుంది. ఆమె మొహం ఎర్రగా ఉంది. సర్దుకోవడం అయ్యాక, లేవాలా వద్దా అన్నట్టు కూర్చుంది. లేచి పోవడానికి వీల్లేదు. హోయిస్ట్‌కి ఇద్దరు కావాలి, సంస్థ తరఫున ఇంట్లో ఉన్న రెండో మనిషి ఇప్పుడు ఆమే. రూలు ఆమె సంతకంతోనే గోడకి అంటించి ఉంది.

"సరే," అంది రొవీనా. "గ్లెనిస్‌ని పడుకోబెట్టేద్దాం. చెప్పు సేలా, నేనేం పట్టుకోవాలి?" బంగారూ అనలేదు.

సేలా గ్లెనిస్ వైపు చూసింది. గ్లెనిస్ కిటికీ వైపు చూసింది. పసుప్పచ్చ ఎండ, దుప్పటి మీద గీతలా కాకుండా, కంచె మీదా, నిమ్మచెట్టు మీదా, పిల్లల చెత్తడబ్బా మీదా నిండుగా పడి ఉంది. ఈ వేళకి సందు ఇలా ఉంటుందని ఆమె మరిచేపోయింది. పక్కింటి పెరట్లో ఎర్రకోడి ఒకటి మట్టి గీరుకుంటోంది.

గ్లెనిస్ ఒక మాట అంది.

సేలా నోరు విప్పబోయి, ఆగి, గ్లెనిస్ కళ్లలోకి చూసి, ఆ తర్వాత రొవీనాకి చెప్పింది.

"కోళ్లు ఇంకా పడుకోలేదంటోంది."

"అంటే?"

"అంటే ఏం లేదండీ. అన్నది అంతే. నేనేం కలపలేదు."

రొవీనా గడియారం చూసుకోబోయి, చెయ్యి దించేసింది. కాసేపటికి చెప్పులు విప్పి బల్ల కిందికి తోసింది. హెటీ బఠాణీల గిన్నె తెచ్చి గ్లెనిస్ పక్కన కుర్చీ లాక్కుని, ఆరేళ్ల కబుర్లు మొదట్నుంచీ మొదలుపెట్టింది. సేలా ఒక్కో మాటా, ఒక్కో తిట్టూ, అన్నది అన్నట్టు అటూ ఇటూ అందిస్తూ నిలబడింది. గ్లెనిస్ కాలు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూసుకోలేదు.

ఎనిమిదిన్నర దాటాక పక్కింటాయన కోళ్లని పిలిచాడు. టప్పుమని గడియ పడింది.

'ఇక పదండి,' అంది గ్లెనిస్.